లాన్‌లో ముఠా

బంగ్లా లాన్ గురించి కొత్తగా చేరిన వర్క్స్ ఇన్‌స్పెక్టరుకు తెలియవలసిన విషయాలు పదకొండు. మట్టి, వాలు, కాలవ, విత్తు, నీరు, కోత, ఎరువు, నీడ, తెగులు, చెదలు. ఈ పదీ మాన్యువల్లో ఉన్నాయి, చదువుకోండి. పదకొండోది అందులో లేదు. అది నాకు జరిగింది కనుక నేనే రాయాలి.

నాకిప్పుడు ముప్పై నాలుగేళ్లు. రిటైర్మెంటు చాలా దూరం. అయితే నన్ను ఫీల్డు నుంచి తీసి డ్రాయింగు ఆఫీసులో కూర్చోబెట్టారు కాబట్టి లాన్ల విషయంలో మాత్రం రిటైరైనట్టే.

ఎనభైల చివర్లో డిప్లొమా చేత పట్టుకుని విశాఖపట్నం నుంచి ఖరగ్‌పూర్ వచ్చి చేరాను. వర్క్స్ ఇన్‌స్పెక్టరంటే క్వార్టర్లు, కాలవలు, ప్రహరీలు, ఆఫీసర్ల బంగ్లాలు, అన్నీ చూసుకోవాలి. నాకు ఇంజనీరింగ్ తెలుసు. హిందీ, పాఠ్యపుస్తకంలో ఉన్నంత తెలుసు. బెంగాలీలో మిఠాయిల పేర్లు తెలుసు. వాతావరణం గురించి భయపడలేదు. విశాఖలో సముద్రం కనిపిస్తుంది, ఇక్కడ కనిపించదు. చెమటలో తేడా ఏమీ లేదు.

మా సాహెబు బంగ్లా ముందు ముప్పై మీటర్ల పొడవు, పద్దెనిమిది మీటర్ల వెడల్పు లాన్ ఉండేది. ఉండేది అన్నది కాగితం మీది మాట. నేను చూసేసరికి ఎర్ర గులక నేలలో అక్కడక్కడా గరిక మొక్కలు ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు నిలబడి ఉన్నాయి. సాహెబు నన్ను పిలిచి రెండే వాక్యాలు చెప్పారు. దుర్గాపూజలకు ముందు హెడ్‌క్వార్టర్స్ నుంచి పెద్దాయన వస్తున్నారు, టీ లాన్ మీదే. లాన్ బాగుంటే తోటమాలి పోస్టుకు ఇక్కడి మాలీ పేరు రాస్తాను, బాగోకపోతే నిమ్‌పురా యార్డులో గ్యాంగుకు పంపిస్తాను.

మాలీ ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. చుట్టుపక్కల పల్లెకు చెందిన బెంగాలీ మనిషి, నలభై అయిదు దాటినవాడు. అందరూ దాదా, అంటే అన్నా, అనేవారు, నేనూ దాదా అనేవాణ్ణి. పన్నెండేళ్లుగా క్యాజువల్ లేబరు. అంటే పని రోజూ ఉంటుంది, ఉద్యోగం ఉండదు. ఆ చలికాలంలో స్క్రీనింగు ఉంది. కమిటీ ముందు నిలబడి పాసైతే పర్మనెంటు. నిమ్‌పురా గ్యాంగంటే పట్టాల కింద స్లీపర్లు ఎత్తి మార్చే పని. దాదాకు కుడి మోకాలు పూర్తిగా వంగదు. గడ్డిలో కూర్చున్నప్పుడు కూడా ఆ కాలు ముందుకు చాపుకునే కూర్చునేవాడు. ఆయన స్లీపరు ఎత్తితే ఏమవుతుందో ఊహించడానికి డిప్లొమా అక్కర్లేదు.

నేను ఒక ప్రణాళిక వేశాను. మొదటి అంశం మట్టి. ఎర్ర నేల మీద గడ్డి నిలవదు కాబట్టి ఎండిన చెరువు అడుగు నుంచి రెండు లారీల నల్లమట్టి తెప్పించి పరిపించాను. సీసాలో నీళ్లు పోసి, మట్టి వేసి కుదిపి, ఇసుక ఎంత, ఒండ్రు ఎంత, బంక ఎంత అని స్కేలుతో కొలిచాను. ఫలితం చాలా బాగుంది. దాదా ఒక గుప్పెడు తీసుకుని, అందులోంచి నల్లపూసలాంటిదేదో ఏరి, చూసి, మళ్లీ పడేశాడు.

"మట్టి ఎలా ఉంది దాదా?"

"అచ్ఛా హై సార్."

ఆ పూస ఏమిటని నేను అడగలేదు. నా సీసాలో పూసలకు గీత లేదు.

రెండో అంశం చదును చేయడం. దానికి పదిమంది మనుషుల ముఠాను పంపమని నిమ్‌పురా ఇన్‌స్పెక్టరుకు ఉత్తరం రాశాను. మా విశాఖ పోర్టులో కలిసి పనిచేసే కూలీల జట్టును ముఠా అంటారు. మా ఇంట్లో, వీధిలో, ఉత్తరాల్లో ఆ మాటే. దాదాతో హిందీలో మాట్లాడినప్పుడు కూడా "ముఠా వస్తుంది, ఎదురుచూడు" అన్నాను. ఆయన ఒక క్షణం నా మొహంలోకి చూసి "జీ సార్" అన్నాడు.

తరవాత వానలు ముదిరాయి. లైన్లో అవతల ఒక చోట పట్టాల గట్టు జారింది. నన్ను మూడు వారాలు అక్కడికి పంపారు. అంత దూరం నుంచి లాన్ వదిలేస్తే ఎలాగని, ప్రతి సోమవారం ఉదయం స్టేషను మాస్టరు గదిలోంచి బంగ్లాకు ఫోను చేసి దాదాతో మాట్లాడాలని నియమం పెట్టుకున్నాను. రైల్వే ఫోనులో గాలి, వాన, ఇంకో ఇద్దరి సంభాషణ కూడా వినిపిస్తాయి. థకు, ఠకు తేడా మాత్రం వినిపించదు.

మొదటి సోమవారం.

"సార్, లాన్ మే ముథా ఆ గయా."

"వచ్చిందా? మంచిది. ఎంత ఉంది?"

"బహుత్ సార్."

"పది?"

"జ్యాదా సార్. గినా నహీ జాతా."

లెక్కపెట్టలేనంత మందిని పంపిన నిమ్‌పురా ఇన్‌స్పెక్టరు మంచితనానికి ఆశ్చర్యపోయాను. ఎండలో పనిచేసే మనుషులు కదా అని, "ఉస్కో పానీ దేనా, దాదా. సుబహ్ షామ్" అన్నాను, రెండు పూటలా నీళ్లిమ్మని. 

"పానీ దేనా హై, సార్?"

"అవును. తక్కువ చెయ్యకు."

"జీ సార్."

రెండో సోమవారం ముథా లాన్ అంతా పరుచుకుందని చెప్పాడు. అలా పరుచుకుని చేస్తేనే పని తొందరగా అవుతుంది, ఒక్కరు కూడా పోకుండా చూసుకో, అన్నాను. ఆ రోజే నిమ్‌పురాకు ధన్యవాదాలు తెలుపుతూ ఉత్తరం రాశాను. మూడో సోమవారం దాదా గొంతు నీరసంగా ఉంది.

"సార్, ముథా మే ఫూల్ ఆయా."

ఫూల్ అంటే పువ్వని నాకు తెలుసు. కానీ కూలీల మధ్యకు పువ్వు వస్తుందని ఎవరనుకుంటారు? ఇంగ్లీషు మాటే అనుకున్నాను. బుర్ర తక్కువవాడు ఒకడు వచ్చి చేరాడన్నమాట.

"ఫరవాలేదు దాదా. ప్రతి ముఠాలోనూ ఒకడుంటాడు. ఏమీ అనకు, ఉండనీ."

"జీ సార్."

గట్టు పని ముగించుకుని శనివారం ఖరగ్‌పూర్ చేరాను. ఆదివారం మా ఆఫీసు టైపిస్టు అక్క భోజనానికి పిలిచింది. ఆమెది తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ట్రాఫిక్ సెటిల్మెంటు అనే రైల్వే కాలనీలో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. ఆమె పుట్టింది, చదివింది, ఉద్యోగం చేస్తున్నది అంతా ఖరగ్‌పూర్‌లోనే. క్వార్టరు ముందు రెండు నవారు మంచాలు పట్టేంత లాన్ ఉండేది. నేను చూసిన లాన్లలో అంత శుభ్రమైనది ఇంకోటి లేదు. నీళ్లు తెల్లారగట్లే పోసేది. సాయంత్రం పోస్తే ఆ తేమకు గడ్డిలో బూజు పట్టి గోధుమరంగు వలయాలు వస్తాయని నాకు చెప్పింది ఆమే. మాన్యువల్లో అది తరవాత చూశాను.

నేను వెళ్లేసరికి చర్చి చీర మార్చుకుని వాకిటి గట్టు మీద కూర్చుని ఉంది.

"రా బాబూ, రా. ఏటి ఇలాగ నల్లబడిపోయినావు? అన్నం ఉడుకుతున్నాది. ఈలోగా ఈ ముథా పీకేత్తాను, ఉండు."

"ఏ ముఠా, అక్కా?"

"ఇదే. సూడు." మూడు పలకల కాడ ఒకటి పట్టుకుని, వేలితో మట్టి తవ్వి, నల్లపూసతో సహా పైకి లాగింది. "మీ సైడు తుంగంటారు కదా. ఇక్కడోళ్లు ముథా అంటారు. పైన కోత్తే కింద పది పుడతాది. లాన్లో ఇది దూరితే ఇంక గరిక బతకదు."

నేను ఆ పూస చేతిలోకి తీసుకున్నాను. నలిపితే మంచి వాసన వచ్చింది.

"అక్కా, ముఠా అంటే మనుషులు కాదా?"

"మనుషులేటి? ఎండ దెబ్బేటైనా తగిలినాదా నీకు?"

ఫోను సంగతి చెప్పాను. మొదటి సోమవారం అయ్యేసరికి ఆమె గట్టు దిగి గడ్డిలో కూర్చుంది. మూడో సోమవారం అయ్యాక లోపలికి కేక వేసింది. "ఏవండీ, ఇలా రండి. బాబు సెప్తన్నది ఇనండి. బాబూ, ఆ ఫూల్ సంగతి మల్లీ సెప్పు." ఆమె భర్త గూడ్సు గార్డు, ఎప్పుడూ నవ్వని మనిషి. ఆయన కోసం మొదటినుంచి మళ్లీ చెప్పాను. నవ్వాడు.

ఆమె నవ్వు అంతకుముందే ఆగిపోయింది.

"మాలీ దాదా స్క్రీనింగు ఈ యేడే కదా?"

"అవును."

"మరి లాన్ సూసినావా?"

అన్నం తినకుండా బయలుదేరాను. సైకిలు మీద బంగ్లా చేరేసరికి దూరం నుంచి లాన్ అద్భుతంగా కనిపించింది. అంత పచ్చదనం ఆ బంగ్లా ఎప్పుడూ చూసి ఉండదు. దగ్గరికి వెళ్లాక ఆ పచ్చదనం మోకాలి ఎత్తున, మూడు పలకల కాడలతో, తల మీద గోధుమరంగు పూలతో నిలబడి ఉంది. దాదా దానికి నీళ్లు పోస్తున్నాడు. నిమ్‌పురా నుంచి ఒక్క మనిషి కూడా రాలేదని అప్పుడే తెలిసింది. ఆ ఇన్‌స్పెక్టరు నా ధన్యవాదాలను మాత్రం స్వీకరించాడు.

ఇంకా పన్నెండు రోజులు మిగిలి ఉన్నాయి. నేను తలపట్టుకుని కూర్చుని అడిగాను.

"దాదా, మొత్తం పారతో తవ్వేస్తే పోతుందా?"

"జీ సార్."

"చేత్తో ఒక్కొక్కటి పీకితేనే మంచిదా?"

"జీ సార్."

"ఏమీ చెయ్యకుండా వదిలేస్తే?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "అది కూడా చెయ్యొచ్చు, సార్."

మర్నాడు ఆఫీసులో అక్కకు ఈ మూడు జవాబులూ చెప్పాను. ఆమె టైపు మిషను మీంచి చేతులు తీసేసింది.

"క్యాజువలోడు కాదంటాడా బాబూ? మా నాన్న ఎనిమిదేళ్లు చేసినాడు క్యాజువల్‌గా. సూర్యుడు పడమట పొడిసినాడని ఇన్‌స్పెక్టరంటే, అవున్సార్, ఇయాల కొంచెం లేటుగా పొడిసినాడు అనీవోడు. కాదంటే రేపు మస్టర్లో పేరుండదు. సర్వీసుకి బ్రేకు పడిపోద్ది. అప్పుడు మల్లీ ఒకటో రోజు నుంచి మొదలు. నువ్వు ఆయన్ని అడగడమేటి? నువ్వు అడిగినావంటే అది ఆర్డరే."

కొత్తగా చేరిన మీకు చెప్పవలసిన పదకొండో విషయం ఇదే. కాదనే వీలు లేని మనిషి అవునన్నాడంటే, దానిలో సమాచారం ఏమీ ఉండదు. నేను సీసాలో మట్టిని కొలిచినంత శ్రద్ధగా ఆ 'జీ'లను కొలిచి ఉంటే మొదటి ఫోనులోనే తేలిపోయేది.

అప్పుడు అడగడం మానేసి, చూడడం మొదలుపెట్టాను. దాదా పక్కన కూర్చుని, ఆయన చెయ్యి ఎటు పోతే నా చెయ్యి అటు పోనిచ్చాను. వాన వెలిశాక నేల మెత్తగా ఉన్నప్పుడు ఖుర్పీ అనే చిన్న చేతిపారను ఏటవాలుగా దించి, పూస తెగకుండా దారంతో సహా ఎత్తేవాడు. భూమి లోపల ఆ పూసలు దండ గుచ్చినట్టు ఉంటాయి. ఒకటి తెగితే మిగిలినవి లోపలే ఉండి మళ్లీ లేస్తాయి. రోజుకు నేను ఒక గంప, దాదా అయిదు గంపలు. పదకొండు రోజుల్లో లాన్లో నాలుగో వంతు శుభ్రమైంది. మిగిలిన మూడు వంతులను యంత్రంతో గరిక ఎత్తుకు కోసేసి, దూరం నుంచి చూసేవాళ్ల అదృష్టానికి వదలాలని నిర్ణయించాను.

ఆ సాయంత్రమే ఒక నివేదిక రాశాను. లాన్ ఆశించినట్టు రాకపోవడానికి కారణాలు ఏడు: అధిక వర్షపాతం, మురుగు కాలవ పూడిక, గాలిలో తేమ, సిబ్బంది కొరత, ఇలా. టైపు చెయ్యమని అక్కకు ఇచ్చాను. ఆమె చదివి వెనక్కి ఇచ్చేసింది.

"ఏడున్నాయి. ఇందులో నువ్వు ఎన్నోదానివి?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పెద్దాయన టీ మధ్యాహ్నం నాలుగు గంటలకని ప్రోగ్రాము. రెండు గంటలకు దాదా, నేను చెరోవైపు పట్టుకుని యంత్రం నడిపించాం. మూడు గంటలకు లాన్ తివాచీలా ఉంది. మూడున్నరకు కబురు వచ్చింది: యార్డు తనిఖీ ఆలస్యమైంది, టీ రేపు ఉదయం ఎనిమిదింటికి. ఆ తేమలో గరిక రోజుకు గోరంత పెరిగితే తుంగ వేలంత పెరుగుతుంది. ఉదయం మేము వెళ్లేసరికి బంగ్లా నౌకర్లు కుర్చీలు, బల్లలు వేసేశారు. తివాచీలోంచి మూడు పలకల కాడలు వేలెత్తి చూపిస్తున్నాయి.

పెద్దాయన కుర్చీలో కూర్చుని బూటు పక్కన ఉన్న కాడ ఒకటి తెంపి వేళ్ల మధ్య తిప్పారు. "ఇది ఏ రకం గడ్డి?" అని ఇంగ్లీషులో అడిగారు.

 సాహెబు, "మాలీ నిర్లక్ష్యం, సార్. గ్యాంగుకు పంపేస్తున్నాను" అన్నారు.

దాదా కంచె దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంగ్లీషు రాకపోయినా గ్యాంగు అన్న మాట అర్థమైంది.  కుడికాలి మీది బరువు ఎడమకాలి మీదికి మార్చుకున్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టాను, ఏడు కారణాలూ తగిలాయి. వాటిలో ఏది చదివినా సాహెబు మాటకు అడ్డు రాదు. చెయ్యి ఖాళీగా బయటికి తీశాను.

"నిర్లక్ష్యం కాదు సార్. దీనికి రెండు పూటలా నీళ్లు పొయ్యమని నేనే ఆర్డరు ఇచ్చాను. మూడు వారాలు."

పెద్దాయన ఎందుకని అడిగారు. చెప్పవలసి వచ్చింది. నాకు అలవాటైన పద్ధతిలో, ఒకటి, రెండు, మూడు అని చెప్పాను. ముఠా అంటే మా ఊళ్లో ఏమిటి, ఇక్కడ ముథా అంటే ఏమిటి, ఫోను ఎలాంటిది. ఫూల్ దగ్గరికి వచ్చేసరికి సాహెబు కప్పు సాసరులో పెట్టేశారు. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు, అదే కష్టమైంది.

పెద్దాయన దాదా వైపు తిరిగి హిందీలో అడిగారు. "కలుపు మొక్క అని నీకు తెలుసు. మరి నీళ్లు ఎందుకు పోశావు?"

"మూడుసార్లు చెప్పాను, సార్" అన్నాడు దాదా. "ఇన్‌స్పెక్టర్‌బాబు మూడుసార్లూ ప్రేమగా మాట్లాడాడు. దాని క్షేమం అడిగాడు. వాళ్ల దేశంలో పెంచుతారేమో అనుకున్నాను."

పెద్దాయన బిస్కెట్టు పూర్తిగా తిని, చేతులు తుడుచుకుని, సాహెబుతో అన్నారు: "ఇతను ఆర్డరు పాటించాడు. ఆ సంగతి ఇతని ఫైల్లో ఉండాలి." తరవాత నాతో, "మిగతాది నీ ఫైల్లో ఉండాలి" అన్నారు.

ఆ మధ్యాహ్నం నేను రాసి ఇచ్చిన వాంగ్మూలం నాలుగు వాక్యాలు. అక్క ఒక్క తప్పు లేకుండా టైపు చేసి, "సిన్నగా ఉన్నాది, బాగున్నాది" అంది. దాని నకలు దాదా స్క్రీనింగు కాగితాలకు జతపడింది. అసలు ప్రతి నాకు వచ్చిన మెమోకు జతపడింది. నిమ్‌పురా ఇన్‌స్పెక్టరుకు కూడా, పంపని మనుషులకు ధన్యవాదాలు ఎలా అందుకున్నావని ఒక మెమో వెళ్లింది. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడడు. ట్రాఫిక్ సెటిల్మెంటులో నా పేరు ముఠాబాబుగా స్థిరపడింది. కొత్తగా వచ్చినవాళ్లు నేనేదో యూనియన్ మనిషిననుకుని జాగ్రత్తగా ఉండేవారు.

డిసెంబరులో స్క్రీనింగు జరిగింది. కమిటీ దాదాను అయిదు ప్రశ్నలు అడిగిందట. నాలుగు తోటపని గురించి, అయిదోది నా గురించి. ఆయన ఏం చెప్పాడో నాకెవరూ చెప్పలేదు. పదిహేను రోజుల తరవాత నోటీసు బోర్డులో తోటమాలి పోస్టుకు ఆయన పేరు వచ్చింది.

జనవరిలో ఒక ఉదయం బంగ్లాకు వెళ్లాను. లాన్ పసుపు తిరిగి, కళ తప్పి ఉంది. తుంగ చాలావరకు పోయింది, గరిక కూడా పోతున్నట్టే కనిపించింది. దాదా కాలు చాపుకుని అంచులు సరిచేస్తున్నాడు.

"దాదా, రేపే యూరియా వేసి, బాగా నీళ్లు పెట్టి, పొట్టిగా కోసెయ్యి. వారంలో పచ్చబడుతుంది."

ఆయన ఖుర్పీ కింద పెట్టాడు.

"హొబే నా, సార్."

అవదు, అన్నాడు. బెంగాల్లో ఈ మాట రోజుకు వందసార్లు వినిపిస్తుంది. బస్సు కండక్టరు అంటాడు, పోస్టాఫీసు గుమాస్తా అంటాడు, రిక్షావాడు అంటాడు. ఈయన నోట నేను వినడం అదే మొదటిసారి. ఆయనకు కూడా కొత్తగానే ఉన్నట్టుంది. అన్నాక గేటు వైపు ఒకసారి చూశాడు. ఎవరూ రాలేదు.

"ఎందుకని?"

"గడ్డి పడుకుంది, సార్. చచ్చిపోలేదు. ఈ చలిలో పడుకుంటుంది. పడుకున్నదానికి అన్నం పెడితే అది తినదు, కలుపు తింటుంది. కూర్చోండి, చెబుతాను."

కూర్చున్నాను. అరగంట చెప్పాడు. మధ్యలో రెండుసార్లు నా సందేహాలు తప్పని కూడా చెప్పాడు. ఆ చలికాలం మేము లాన్‌కు ఎరువు వెయ్యలేదు.